రంగు కలిపిన చేతులు

చింతామణిలో ఒక బియ్యం మండీకి బోర్డు రాస్తుండగా నా కుడిచెయ్యి మొదటిసారి నా మాట వినలేదు. పైన కన్నడంలో పేరు రాయడం అయిపోయింది. కింద తెలుగులో మొదలుపెట్టాను. రెండో అక్షరానికి తలకట్టు పెడదామని కుంచె ఎత్తబోతే మణికట్టు లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. చెయ్యి తడిగుడ్డలాగా వాలిపోయి ఉంది. నిచ్చెన మీదే నిలబడి ఎడమచేత్తో దాన్ని ఎత్తి చూశాను. వదిలితే మళ్లీ వాలింది. ఎండదెబ్బ తగిలినట్టుంది, దిగప్పా అని మండీ షావుకారు కిందనుంచి అన్నాడు. నేను దిగలేదు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, ఒక్కో గీతా లాగుతూ ఆ పేరు పూర్తి చేశాను.

అలా వాలిన చేతుల్ని నేను అంతకుముందే చూసి ఉన్నాను. నాకు పని నేర్పిన గురువుగారికి చివరి రోజుల్లో రెండు చేతులూ అలాగే వేలాడేవి. బాగేపల్లి బజారులో ఆయన నడిచి వస్తుంటే, నీళ్లలోంచి అప్పుడే తీసినట్టు ఆ చేతులు ముందుకు వంగి ఊగేవి. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయేవాడు. ముసలితనం అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. పోయేనాటికి ఆయనకు యాభై కూడా నిండలేదు. ఆయన రాసిన బోర్డులు చింతామణిలో కూడా ఇంకా సగం అంగళ్లకు ఉండేవి. ఆ రోజు నిచ్చెన దిగి బస్టాండుకు నడిచినంతసేపూ ఆ అక్షరాలు రెండు వైపులనుంచీ నన్ను చూస్తున్నట్టే అనిపించింది.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. డెబ్బైల దశకం చివరి రోజులు. ఇల్లు బాగేపల్లిలో, పని బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం మూడు ఊళ్లలోనూ. అంగళ్ల బోర్డులు, బస్సుల మీద పేర్లు, టెంటు సినిమాకు గుడ్డ మీద హీరోల మొహాలు. మొహాలు వెయ్యడం ఇష్టం, అక్షరాలు తిండి పెట్టేవి. మిల్లుల్లో పని చేసేవాళ్లకు ఆస్పత్రి కార్డు ఉండేది. సర్కారు నౌకరికి మందుల ఖర్చు తిరిగి వచ్చేది. నాలాంటివాడు ఎవరి మనిషీ కాదు. జబ్బు చేస్తే ఎవరు దయ చూపిస్తారో వెతుక్కుంటూ పోవాలి.

మొదట సర్కారు ఆస్పత్రికి పోయాను. మందు పోయించుకోవడానికి సీసా మనమే తీసుకుపోవాలి. నా దగ్గర టర్పెంటైన్ సీసాలు తప్ప వేరేవి లేవు, ఒకదాన్ని బూడిదతో నాలుగుసార్లు కడిగి పట్టుకుపోయాను. కడుపునొప్పి, మలబద్ధకం, చెయ్యి లేవడం లేదు అని చెప్పాను. గ్యాసు అన్నారు. ఎర్రటి నీళ్లమందు పోశారు. నెలరోజులు తాగాను. ఏ పూట తాగినా అడుగున టర్పెంటైన్ వాసన ఉండనే ఉండేది.

తర్వాత పాతపాళ్యలో ఒక నాటువైద్యుడి దగ్గరికి పోయాను. వాతం దిగింది అన్నాడాయన. వేడి నూనెతో భుజం నుంచి వేళ్ల దాకా రుద్ది, ఆకు కట్టి పంపేవాడు. చేతికి హాయిగా ఉండేది. రుద్దుతున్నంతసేపూ, ఇక లేస్తుంది అనిపించేది. ఎనిమిది ఆదివారాలు పోయాను. తొమ్మిదో ఆదివారం ఆయనే, ఇది నా చేతిలో లేదప్పా, పట్నం డాక్టరుకు చూపించు అన్నాడు. నా దగ్గర ఏమీ తీసుకోలేదు. నిజం చెప్పి పంపినందుకు ఆయన మీద నాకిప్పటికీ గౌరవం.

చింతామణిలో అప్పుడే కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఒక డాక్టరు ఫీజుకు బదులు బోర్డు రాసిమ్మన్నాడు. ఆయన బలానికి సూదులు వేసేవాడు, నేను రాసేవాణ్ని. వాకిలి మీద పేరు, మందుల బీరువా మీద పేరు, స్కూటరుకు నంబరు, చివరికి వాళ్ల కొత్తింటి పేరు కూడా. సూది వేయించుకున్న చేత్తోనే, కట్టె పుల్ల పెట్టి మణికట్టుకు గుడ్డ చుట్టి, రాసేవాణ్ని. ఆ రంగులన్నీ ఇంట్లో నా భార్య కలిపి ఇచ్చినవే. నా రోగానికి నేను ఏ సరుకుతో ఫీజు కడుతున్నానో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

అప్పట్లో డబ్బాల్లో వచ్చే రంగులు మాకు అందేవి కావు. తెల్లరంగుకు సఫేదా అనే పొడి, ఎరుపుకు సింధూరం పొడి తెచ్చుకుని, అవిసెనూనె పోసి, నాపరాయి మీద నూరుకునేవాళ్లం. పెళ్లయిన ఏడాదినుంచే ఆ పని ఆమె చేతికి వెళ్లింది. నా కంటే ఆమె మెత్తగా నూరేది. పెరట్లో కూర్చుని, కొంగు నడుముకు చుట్టి, రాయి మీద రాయి తిప్పుతూ ఉంటే తెల్లటి దుమ్ము ఆమె కనురెప్పల మీద వాలేది. అరచేతి గీతల్లో ఎరుపు ఉండిపోయేది. ఆ చేతులతోనే ముద్ద కలిపేది. నేను కుంచె మొన సన్నంగా రావడానికి నోట్లో పెట్టుకుని పెదాలతో లాగేవాణ్ని. గురువుగారు అలాగే నేర్పారు.

ఆ ఏళ్లలోనే మాకు ఇద్దరు బిడ్డలు పోయారు. ఒకటి కడుపులో ఉండగా ఐదో నెలలోనే. రెండోది మగబిడ్డ, గూళూరులో ఆమె పుట్టింట్లో పుట్టి, రెండు దినాలు ఉండి పోయాడు. వాళ్ల శెనక్కాయ చేను గట్టున పూడ్చిపెట్టాం. శాస్త్రం చూసినాయన నాగదోషం అన్నాడు. ఇంట్లో ఎవరైనా పామును చంపారా అని అడిగితే మా మామ దాచకుండా చెప్పేశాడు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు చేనులో ఆమె కాలి దగ్గర పడగెత్తిన పామును కట్టెతో కొట్టి చంపాడట. దోషం పోవాలని విదురాశ్వత్థ గుడి దగ్గర నాగరాతిని నిలబెట్టాం. ఏటా ఆమె అక్కడికి పోయి పాలు పోసేది. తండ్రితో మాత్రం ఆనాటినుంచి సరిగ్గా మాట్లాడలేదు. ఆయన వస్తే అన్నం పెట్టి లోపలికి వెళ్లిపోయేది. కోపం చూపేది కాదు. ఆయన వైపు చూడటమే మానేసింది.

చెయ్యి వాలిన ఏడాదికి, నేను పేరు రాసిన ఒక బస్సు డ్రైవరు చిక్కబళ్లాపురంలో ఒక ధర్మాసుపత్రి సంగతి చెప్పాడు. డాక్టరమ్మ ఒకామె, పెద్దావిడ, చూస్తుంది, లేనివాళ్లను ఫీజు అడగదు అన్నాడు. ఆషాఢమాసంలో, గాలి దుమ్ము లేపుతున్న ఒక పొద్దున అక్కడ వరుసలో కూర్చున్నాను. తెల్ల చీర, నెరిసిన జుట్టు, గాజులు లేని చేతులు. నా చెయ్యి ఎత్తి వదిలింది. నోరు తెరవమంది. చిగుళ్లను వేలితో పైకి నెట్టి, కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత కన్నడంలో, ఏం పని చేస్తావు అని అడిగింది. ఆ మాట అప్పటిదాకా ఏ డాక్టరూ అడగలేదు.

చెప్పాను. కుంచె నోట్లో పెట్టుకుంటావా అంది. పెట్టుకుంటాను అన్నాను. ఒక అద్దం తెచ్చి నాకే చూపించింది. పళ్ల మొదట్లో చిగుళ్ల అంచున సన్నటి నీలిగీత. నేనే గీసినంత నేరుగా ఉంది. సీసం అంది. తెల్లపొడిలో, ఎర్రపొడిలో ఉండేది అదే, కడుపులోకి పోయి, రక్తంలోకి పోయి, నరాల్లో కూర్చుంది అని నిదానంగా చెప్పింది. నాకు గురువుగారి చేతులు కళ్లముందుకు వచ్చాయి. ఆయనకు ఈ అద్దం చూపినవాళ్లు ఎవరూ లేరు.

ఆమె కాగితం మీద రాసుకుంటూనే, రంగు నువ్వే కలుపుకుంటావా అని అడిగింది.

"లేదమ్మా, నా భార్య కలుపుతాది."

రాసేది ఆపింది. పిల్లలెందరు అంది. నేను చెప్పాను. ఐదో నెల అన్నాను, రెండు దినాలు అన్నాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అదే కారణమని ఎవరూ ఒట్టు వెయ్యలేరని, కానీ సీసం అలా చేస్తుందని, తాను నమ్ముతున్నది అదేనని చెప్పింది. నీ భార్యను ఈ రోజునుంచే రంగు ముట్టనివ్వద్దు, ఇక్కడికి పిలుచుకునిరా, చూస్తాను అంది. పిల్లల సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి అన్నాను. నువ్వే చెప్పాలి అంది.

ఉచిత మంచానికి తాలూకా ఆఫీసునుంచి ఆదాయ సర్టిఫికెట్ తేవాలన్నారు. ఆఫీసులో మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి అక్కడి గుమాస్తా నా వాలిన చేతిని చూసి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, తనే పైకి తీసుకుపోయి సంతకం చేయించి ఇచ్చాడు. ఒంట్లోంచి సీసాన్ని లాగేసే సూదిమందు బెంగళూరులో తనకు తెలిసినవాళ్ల దగ్గర అడిగి ఆ డాక్టరమ్మే తెప్పించింది. ఐదు దినాలు మందు, కొన్నాళ్లు విరామం, మళ్లీ ఐదు దినాలు. నా భార్య నాతోపాటు వార్డులోనే ఉంది. ఆమెనూ పరీక్ష చేసి రక్తానికి మాత్రలు ఇచ్చారు. రంగు నాకు పడలేదట, ఇంట్లో ఉంచొద్దన్నారు అని మాత్రం ఆమెకు చెప్పాను. అంతకంటే నోరు రాలేదు.

రెండో విడత నడుస్తుండగా మా మామ గూళూరునుంచి చూడటానికి వచ్చాడు. పంచె కొంగులో పచ్చి శెనక్కాయలు కట్టుకుని వచ్చాడు. ఆయన వార్డులోకి అడుగుపెట్టడం చూసి ఆమె గిన్నె తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు కాయలు వలిచి నా చేతిలో పెడుతూ ఉన్నాడు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు:

"బిడ్డ నాతో మాట్లాడతా లేదప్పా. నేను కొట్టిన పామే మీ పిల్లోళ్లని తినేసిండాది. ఇప్పుడు నీ చెయ్యి కూడా. నాకు పొద్దుమానం అదే కండ్లలో ఉండాది. నువ్వన్నా ఒక మాట చెప్పి ఆయమ్మను ఒకతూరి ఇంటికి పిల్చుకోనిరా."

ఒక మాట చెబితే చాలు. ఆ మాట నా నోట్లోనే ఉంది. పాము కాదు మామా, నేను తెచ్చిన పొడి అని చెప్పాలి. చెబితే కొళాయి దగ్గరనుంచి ఆమె తిరిగి వచ్చేలోపు ఆయన ముఖం తేలికపడేది. కానీ ఆమె నన్ను చూసే చూపు మారిపోయేది. పిల్చుకుని వస్తాలే మామా అన్నాను. ఆయన నమ్మాడు. ఖాళీ పంచె కొంగు దులుపుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక రోజూ చెబుదామనుకునేవాణ్ని. చెయ్యి కొద్దికొద్దిగా లేస్తోంది, పూర్తిగా లేచాక చెబుదాం అనుకున్నాను. శ్రావణం పోయింది, దసరా పోయింది. కార్తీకంలో గూళూరునుంచి మనిషి వచ్చాడు. మా మామ చేనులో నీళ్లు కడుతూ గట్టు మీద కూర్చుని, కూర్చున్నట్టే పోయాడట. ఆమె ఏడవలేదు. అక్కడికి పోయాక కూడా ఆయన ముఖం వైపు చూడటానికి చాలాసేపు పట్టింది. చూశాక ఆయన పాదాల దగ్గర కూర్చుని లేవలేదు.

పదకొండో రోజు అయి మేం తిరిగి వచ్చాక, మధ్యాహ్నం పూట, పెరట్లో ఆమెకు అంతా చెప్పాను. సఫేదా, సింధూరం, డాక్టరమ్మ అడిగింది, చెప్పింది, అన్నీ. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట కింద పెట్టలేదు.

"నీకు యా నెలలో తెలిసె?" అని అడిగింది.

"ఆషాఢంలో."

"మా నాయన ఆస్పత్రికి వచ్చినప్పుడు తెలుసునా?"

తెలుసు అన్నాను. ఆమె బియ్యం ఏరడం పూర్తి చేసి, కడిగి, పొయ్యి మీద పెట్టింది. ఆ రోజు నాకు అన్నం పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ నడక నాకు తెలిసిందే. నాలుగేళ్లు ఆమె తండ్రి చూసిన నడక అది.

అది ఎన్నాళ్లు సాగిందో లెక్క పెట్టుకోలేదు. ఒక వానాకాలం దాటింది. నేను సఫేదా మానేసి, డబ్బా రంగులు కొనగలిగినంత పనే ఒప్పుకుంటూ, మిగతా రోజులు ఒక బడిలో పిల్లలకు డ్రాయింగు చెప్పేవాణ్ని. చెయ్యి ముప్పాతిక భాగం వచ్చింది. పెద్ద అక్షరాలు నేరుగా వస్తాయి, సన్నటివి వణుకుతాయి. చిక్కబళ్లాపురం ఆస్పత్రిలో వార్డుల పేర్లన్నీ నేనే రాసిచ్చాను. డాక్టరమ్మ కింద నిలబడి, కుంచె నోటి దగ్గరికి పోతుందేమోనని కనిపెడుతూ ఉండేది. కుంచె పట్టుకున్నప్పుడు పక్కన గురువుగారు నిలబడ్డట్టు అనిపించడం మాత్రం పోలేదు. ఆయన చేతులు వేలాడేసుకుని నా చేతినే చూస్తుంటాడు.

మాకు ఎనభైల మొదట్లో ఒక ఆడబిడ్డ పుట్టింది. నాగప్ప ఇచ్చినాడు అన్నారు ఊళ్లోవాళ్లు. ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదు. విదురాశ్వత్థకు పోవడం మానలేదు, అక్కడ ఏం మొక్కుతుందో నేను అడగలేదు. నాతో మాట్లాడుతుంది, నవ్వుతుంది. మా జీవితం బాగానే నడిచింది.

కూతురికి నాలుగైదేళ్లు వచ్చాక, మధ్యాహ్నాలు నా భార్య దాన్ని పక్కన పడుకోబెట్టుకుని వాళ్ల తాత గురించి చెప్పేది. తాత చేనులో ఒక తూరి పాము పడగెత్తితే నన్ను ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు అని చెప్పేది. ఆస్పత్రిలో తాత శెనక్కాయలు వలిచి నా చేతిలో పెట్టాడు, ఇద్దరం మంచం పక్కన కూర్చుని సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం అని చెప్పేది. ఏం మాట్లాడుకున్నారమ్మా అని పిల్ల అడిగితే, ఏమేమో, అన్నీ అనేది.

జరగని ఆ సాయంత్రాన్ని నేను గోడకు ఇవతల కూర్చుని వినేవాణ్ని. ఒక్కసారి కూడా లోపలికి పోలేదు.