లూబెన్ గుర్రం గిట్ట

మా ఆయన గాస్పార్ డ్రాగూన్ గుర్రపుదళంలో పదిహేనేళ్లు లాడాలు కొట్టాడు. ఆ దళం వెంటే బ్రాందీ పీపా భుజాన వేసుకుని తిరిగి అమ్మినదాన్ని నేను. పెళ్లాం కన్నా గుర్రాలే ఎక్కువని ఎంత దెప్పినా నవ్వి ఊరుకునేవాడు. అంత నెమ్మదస్తుడు ఏడేళ్లు పగ మోశాడు.

మా దళంలో ప్రతి గుర్రం గిట్టమీదా దళం నంబరు కాల్చి వేసేవారు. దారిలో గుర్రం చస్తే రౌతు ఆ గిట్ట తెచ్చి చూపించాలి. లేకపోతే గుర్రాన్ని అమ్ముకుని తాగేశాడనే అనేవారు. ఇక వాడికి కాలినడకే.

స్పెయిన్ కొండల మంచులో గాస్పార్ తమ్ముడు లూబెన్ గుర్రం కూలిపోయింది. గాస్పారే గిట్ట కోసి తమ్ముడి సంచిలో పెట్టాడు. మర్నాడు తనిఖీలో సంచి విప్పితే ఖాళీ!

"గిట్ట ఏదిరా?" అన్నాడు సార్జెంటు ఫ్లోకార్.

"మా అన్నే కోసిచ్చాడు సార్జెంటుగారూ, ఒట్టు!"

"నీ ఒట్టు ఎవడిక్కావాలి? గిట్ట లేదా, నడువు!"

మోకాళ్లదాకా చెక్కలా బిగిసే స్వారీ బూట్లవి. వాటితోనే పదకొండు రోజులు నడిచాడు పిల్లాడు. పన్నెండో రోజు నేను బూట్లు కోసి తీస్తే తోలుతో పాటు చర్మమూ ఊడివచ్చింది. ఆ సాయంత్రమే పోయాడు.

చూపించిన గిట్టల్ని పూడ్చే పని గాస్పార్‌ది. ఫ్లోకార్ పేరు చీటీ కట్టిన గిట్ట చేతికి రాగానే ఆగిపోయాడు. లాడం మూల విరిగి, ఒక మేకు లేని గిట్ట. లూబెన్ గుర్రానిది! తన గుర్రాన్ని అమ్ముకున్న ఆ దొంగవెధవ మావాడి సంచిలోని గిట్ట కాజేసి చూపించి గట్టెక్కాడు. కెప్టెన్‌కి చెబితే, "సార్జెంటు మాట నమ్మాలా, లాడాలవాడి మాటా?" అని తరిమేశాడు.

మా చక్రవర్తి యుద్ధంలో ఓడాక దళాన్ని రద్దు చేశారు. వోజ్ కొండదారిలో కొలిమి పెట్టుకున్నాం. ఒక చలికాలం మధ్యాహ్నం గుర్రాన్ని నడిపించుకుంటూ ఫ్లోకార్ వచ్చాడు. మమ్మల్ని పోల్చుకోలేదు.

"లాడం ఊగుతోందయ్యా, త్వరగా కానియ్. అమ్మా, కాస్త బ్రాందీ పొయ్యి."

గాస్పార్ నాలుగు లాడాలూ ఊడదీసి నీళ్లతొట్లో పడేశాడు. గుర్రాన్ని కొట్టంలో కట్టేసి, సుత్తి పట్టుకుని వచ్చాడు.

"మా లూబెన్ గిట్ట ఏది సార్జెంటూ?"

ఫ్లోకార్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "దళమే పోయింది, ఇంకా ఆ గొడవేంటయ్యా! ఊరు ఆరు కోసుల దూరముంది. ఈ మంచులో చచ్చిపోతాను!"

"గిట్ట లేదా, నడువు."

పోసిన బ్రాందీ వాడి ఎదురుగా నేనే తాగేశాను. "స్వారీ బూట్లు భలే ఉన్నాయి సార్జెంటూ! ఎంతదూరం మోస్తాయో చూసుకో!" అన్నాను.

మొదటి మలుపు దగ్గరే కుంటడం మొదలుపెట్టాడు. వాడు కనుమరుగయ్యేదాకా గాస్పార్ గుమ్మంలోంచి కదల్లేదు. నాకు వాడి మీద ఇసుమంతైనా జాలి కలగలేదు. వెళ్లి గుర్రానికి నీళ్లు పెట్టాను.