పడవలోకి చలి చొరబడకుండా

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, నేను సాఫ్ట్‌వేర్. అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో, ఒకే ఇంట్లో ఉంటున్నా వారమంతా ఒకరి మొహం ఒకరికి సరిగా కనిపించదు. ఆమె నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి నేను మీటింగుల్లో తలమునకలుగా ఉంటాను. నా పని అయ్యేసరికి ఆమె మళ్లీ బయల్దేరుతుంది. ఆదివారం తెలుగు చర్చి, ఆ తర్వాత అందరి పలకరింపులు. మాకంటూ మిగిలేది శనివారం పొద్దున ఒక్కటే. ఆ పూట నా పద్నాలుగు అడుగుల పాత అల్యూమినియం పడవను లేక్‌లో దింపి, గాలాలు వేసుకుని కూర్చునేవాళ్లం. చేప పడినా పడకపోయినా నాలుగు గంటలు కబుర్లే.

నవంబరు రాగానే ఆమె చేతులెత్తేసింది. "ఈ చలిలో నా వల్ల కాదండీ, మీరెళ్లి రండి," అంది. రెండు శనివారాలు ఒక్కడినే వెళ్లాను. చేపలు బాగానే పడ్డాయి గానీ, ఎంత పెద్దది పడిందో చూపించడానికి పక్కన మనిషి లేదు. మార్చి దాకా ఇలాగే అయితే మేమిద్దరం మాట్లాడుకోవడమే మరిచిపోతామని బెంగ పట్టుకుంది. ఏం చేసైనా సరే, ఆమెను మళ్లీ పడవ ఎక్కించాలనుకున్నాను.

ముందు కాళ్ల సంగతి చూశాను. చలికాలంలో అల్యూమినియం మీద కాలు పెడితే బూట్లలోంచి కూడా జివ్వుమంటుంది. పిల్లలు ఆడుకునే ఫోమ్ చాపలు కొలతకు కోసి అడుగున పరిచాను. కూర్చునే బల్లలకు మెత్తలు కట్టాను. ప్లాస్టిక్ పైపులతో చట్రం కట్టి, కాన్వాసు కప్పి, దానికి జిప్పు తలుపూ, బయట పెట్టిన గాలాలు కనపడేలా రెండు ప్లాస్టిక్ కిటికీలూ కుట్టాను. ఎవరో ఇంటి పాత సామాను అమ్మే గరాజ్ సేల్‌లో దొరికిన చిన్న గ్యాస్ హీటరు మధ్యలో బిగించాను.

ఆ హీటరు మీద, గాలి ఆడేలా రెండువైపులా ఖాళీ వదలమని ఒక స్టిక్కరు ఉంది. ఈ దేశంలో కాఫీ కప్పు మీద కూడా వేడిగా ఉంటుంది జాగ్రత్త అని రాస్తారు, వీళ్లవన్నీ కోర్టు భయాలు అనుకున్నాను. నేను బందరులో పుట్టి పెరిగినవాణ్ణి. మాకు చలంటే గాలే. డిసెంబరులో కిటికీలు బిగించి, చెవులకు మఫ్లరు చుట్టుకుంటే చలి పని అయిపోయినట్టే. అందుకే కనపడ్డ ప్రతి సందుకూ డక్ట్ టేపు వేశాను. సంబరపడిపోతూ ఇంకో టేపు చుట్ట కొనుక్కొచ్చాను కూడా.

డిసెంబరులో ఓ శనివారం ఆమె అల్లం టీ ఫ్లాస్కుతో వచ్చింది. ఎప్పటిలాగే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని ఎక్కింది. లంగరు వేశాక తలుపు లాగి, జిప్పు మీద కూడా లోపలి నుంచి టేపు వేసేశాను. హీటరు వెలిగించాక కాసేపటికే ఆమె కోటు విప్పేసింది. "భలే చేశారండీ, మన ఇంటికంటే ఇక్కడే నయం," అంది. నాకు గాల్లో తేలినట్టనిపించింది. చర్చిలో ఎవరి అమ్మాయికో కుదిరిన సంబంధం గురించి చెప్తూ చెప్తూ ఆగి, నుదురు రుద్దుకుంది.

"తల పట్టేసినట్టుందండీ."

"నిద్ర చాలలేదు. టీ తాగు."

ఆమె నా మొహంలోకి చూసింది. "మీకూ నొప్పిగా ఉందా?"

"కొంచెం."

"ఇద్దరికీ ఒకేసారా? హీటర్ ఆఫ్ చేయండి!" అంటూ జిప్పు మీద పడింది. టేపు ఊడి రాలేదు. నేను హీటరు ఆర్పేలోగా చేపలు కోసే కత్తి అందుకుని కాన్వాసును పైనుంచి కిందికి సర్రున చీల్చేసింది.

"అయ్యో, నా కాన్వాసు!" అని అరిచాను. సిగ్గుచేటు, నా నోట మొదట వచ్చిన మాట అదే.

"తల బయట పెట్టండి! కార్బన్ మోనాక్సైడ్ ఇది, హీటర్ వదిలే విషపు గాలి. ఇంకో అరగంట ఉంటే మన బాడీలే దొరికేవి."

ఇద్దరం చెరోవైపు ఆ చీలికలోంచి తలలు బయటపెట్టి గాలి పీల్చుకున్నాం. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. ఆమెను ఇక్కడికి రప్పించింది నేను, ప్రతి సందూ మూసింది నేను.

తలలు తేలికపడేదాకా ఒడ్డున చాలాసేపు కూర్చుని, తర్వాత ఇంటిదారి పట్టాం. ఆ చలిలోనూ ఆమె కారు అద్దాలు దింపించింది. నేనే ముందు నోరు తెరిచాను. "పడవ అమ్మేస్తాను. ఇంక నిన్ను రమ్మని అడగను."

"ఈ నెలలో నా పేషెంట్లు ఇద్దరు పోయారండీ," అంది. "ఒకామె నా చెయ్యి పట్టుకునే పోయింది. ఇంట్లో చెప్పబోతే మీ మీటింగ్ టైమ్ అయిపోతుంది. ఇవాళ చెప్దామని వచ్చాను. పడవ కూడా అమ్మేస్తే ఇంకెక్కడ చెప్పుకోను?"

కారు రోడ్డు పక్కకు తీసి ఆపాను. ఇంజను కూడా కట్టేశాను.

"చెప్పు," అన్నాను.