గేటు నుంచి వంపు దాకా

రైలు పట్టాకు జబ్బు చేస్తే పైకి కనిపించదు. రోజూ చక్రాలు రుద్ది రుద్ది పైన అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. లోపల, బోల్టు కోసం తొలిచిన రంధ్రం అంచున, వెంట్రుకంత చీలిక పుడుతుంది. పట్టాను కోయకుండా, విరగ్గొట్టకుండా, బయటి నుంచే ఆ చీలికను కనిపెట్టడం నా ఉద్యోగం. జనగామ నుంచి మహబూబాబాద్ దాకా ఏళ్ల తరబడి ఆ పని మీద నడిచాను. అన్నేళ్లు నడిచాడు కదా, పొలాలూ గుట్టలూ ఎన్ని చూశాడో అనుకుంటారు వినేవాళ్లు. నేను చూసింది ఒక ఆకుపచ్చ గీత.

యంత్రం ఒక చిన్న తోపుడు బండి, పట్టాల మీదే నడుస్తుంది. దాని కింద పట్టాను రాసుకుంటూ పోయే బిళ్లలు ఉంటాయి. అవి మన చెవికి అందని శబ్దాన్ని ఇనుములోకి పంపుతాయి. శబ్దం అడుగు దాకా పోయి తిరిగివస్తే తెర మీద ఒక గీత లేస్తుంది. దాన్ని అడుగు గీత అనేవాళ్లం. దారిలో చీలిక తగిలితే శబ్దం అక్కడి నుంచే వెనక్కి తిరిగి, ఇంకో గీత లేస్తుంది. ఎండలో తెర కనిపించదు కాబట్టి నల్లగుడ్డ కప్పుకుని అందులో తల దూర్చి నడవాలి. పాతకాలం ఫొటోలు తీసేవాడిలా ఉండేవాణ్ని. కాకపోతే నా ఎదురుగా నవ్వుతూ కూర్చునేవాళ్లు ఎవరూ ఉండరు.

దీనికంతటికీ నీళ్లు కావాలి. బిళ్లకూ పట్టాకూ మధ్య గాలి చేరితే శబ్దం ఇనుములోకి దిగదు. అందుకని బండి మీద రెండు డబ్బాల నీళ్లు పెట్టుకుని, సన్నగొట్టంలోంచి పట్టా మీద పడేట్టు చూసుకోవాలి. పట్టా బాగుంటే చీలిక గీత రాదు. నీళ్లు అయిపోయినా రాదు. నీళ్లు అయిపోయాయని చెప్పేది అడుగు గీత ఒక్కటే, అది కూడా మాయమవుతుంది. ఆ సంగతి తెలిసేది గుడ్డ కింద ఉన్న నాకు మాత్రమే.

మాది భూపాలపల్లి పక్కన అడవిలో ఊరు. అక్కడికి రైలు లేదు. అరవై తొమ్మిదిలో జనగామలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. తెలంగాణ ఉద్యమం వచ్చి చదువులు ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం వందలమందిమి వెళ్లి పట్టాల మీద కూర్చున్నాం. ఎంతకీ రైలు రాదు. నేను వంగి పట్టాకు చెవి ఆనించాను. చెవి చుర్రుమని కాలింది తప్ప ఏమీ వినబడలేదు. చుట్టూ అందరూ నా మొహమే చూస్తున్నారు. "ఏందిరా, వస్తున్నదా?" అన్నారు. "వస్తున్నది!" అన్నాను. ఒక్కసారిగా నినాదాలు మిన్నంటాయి, ఎవరెవరో నా వీపు చరిచారు. ఆ పూట రైలు రానే లేదు. కాలిన చెవి మీద పొక్కు లేచింది. కానీ అంతమంది మధ్య అంత దగ్గరగా కూర్చున్నది నా జీవితంలో అదొక్క రోజే.

తర్వాత డిప్లొమా చదివాను, ఉద్యోగం వచ్చింది, ఈ యంత్రం నేర్చుకోవడానికి శిక్షణకు పంపారు. అక్కడ నేను నోరు తెరిస్తే చాలు, కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్లు సినిమాలో హాస్యగాడి మాట విన్నట్టు పడీపడీ నవ్వేవాళ్లు. నేను మాట తగ్గించాను. ఈ ఉద్యోగానికి అది బాగానే పనికొచ్చింది.

ఎందుకంటే లైను మీద నాతో మాట్లాడేవాళ్లే లేరు. బండి తోయడానికి, ముందూ వెనకా ఎర్రజెండా పట్టడానికి ఎక్కడి గ్యాంగు అక్కడ వచ్చేది. జనగామ, రఘునాథపల్లి మధ్య నలుగురు వచ్చేవారు. వాళ్ల పెద్దను మేట్ అనేవాళ్లు. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, మంచి పనిమంతుడు. నేను ఎర్రరంగుతో గుర్తు పెట్టిన ప్రతిచోటా పట్టా మార్చాలి. మార్చేది నేను కాదు, వాళ్లు. పదిమంది పట్టినా మూలుగుతూ లేచే ఇనుము అది. ఎండాకాలంలో అయితే చేతికి గోనెపట్టా చుట్టుకున్నా కాలుతుంది. నేను గుర్తు పెట్టి వెళ్లిపోతాను, వాళ్ల సెలవు రోజు దానికి పోతుంది. నన్ను చూస్తే వాళ్లకు ఎందుకు సంతోషం కలగాలి? మధ్యాహ్నం వాళ్లు తుమ్మచెట్టు కింద గుండ్రంగా కూర్చుని సద్దులు విప్పేవారు. నేను బండి నీడలో కూర్చుని నా అన్నం డబ్బా విప్పేవాణ్ని. రెండేళ్లలో ఒక్కసారైనా "తింటున్నవా?" అని అడగలేదు. నాకు కోపం వచ్చేది. కోపం అని ఇప్పుడు అంటున్నాను గానీ, అది ఏడుపు.

ఆ దారిలో నాతో మాట్లాడింది ఒక్క అవ్వ. రెండు ఊళ్ల మధ్య ఒక గేటు ఉండేది. గేటుమన్ తల్లి ఆమె. తండాలో పుట్టి పెరిగిన మనిషి, కొడుకుతో వాళ్ల భాషలో, నాతో తెలుగులో మాట్లాడేది. గేటు పక్కన ఒంటిగది ఇల్లు, పట్టాలకు పది అడుగుల దూరం. రైలు పోతే గదిలో గిన్నెలన్నీ గలగలమనేవి. ఆమెకు నీళ్లు రెండు పొలాల అవతల బావి నుంచి రావాలి, తలమీద.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, బావులన్నీ అడుగంటాయి. గేటు దగ్గరికి వచ్చేసరికి నా డబ్బాలు ఖాళీ. అవ్వను నీళ్లడిగాను. తాగడానికి అనుకుని చెంబుతో తెచ్చింది. "ఇంకా కావాలవ్వా" అంటే బిందె తెచ్చింది. నేను దాన్ని డబ్బాలో వంచేసి, గొట్టం విప్పి, పట్టా మీద పారించాను.

ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "ఏందిది బిడ్డా! తాగే నీళ్లు ఇనుము మీద పోస్తున్నవా?"

  ఆమె కాసేపు చూసి, లోపలికి వెళ్లి రెండో బిందె కూడా తెచ్చి ఇచ్చింది. "పోసుకో. నీ పనేదో నీకెరుక" అంది. ఆ రోజు ఆమె ఇంట్లో నీళ్లు లేకుండా చేశానని, మహబూబాబాద్‌లో నా కిరాయి గదికి చేరాక గానీ నాకు తట్టలేదు.

మళ్లీ నెల తిరిగి అక్కడికి వచ్చాం. ఎండ ఇంకా ముదిరింది. గేటు దగ్గరికి రాగానే డబ్బాలు అయిపోయాయి. అవ్వ గుమ్మం పక్కన రెండు బిందెలూ బోర్లించి ఉన్నాయి. ఆమె ఇంట్లో లేదు. నేను నిలబడిపోయాను. నీళ్ల కోసం రఘునాథపల్లి స్టేషన్‌కు మనిషిని పంపితే పోనూ రానూ రెండు గంటలు.

మేట్ చెమట తుడుచుకుంటూ అన్నాడు: "పోనియ్ సార్. గీ గేటు కాడికెల్లి వంపు దాకా మేం ఎన్నడు పట్టా మార్చలే. గీడ ఏం ఉండదు."

నేను గుడ్డ కప్పుకుని తల లోపలికి పెట్టాను. "పదండి" అన్నాను. బండి కదిలింది. అడుగు గీత రెండుసార్లు వణికి పోయింది. ఖాళీ తెర చూస్తూ, పట్టాలు మలుపు తిరిగే ఆ వంపు దాకా నడిచాను. నీళ్లు కారడం లేదని నా వెంట ఉన్న నలుగురికీ కనిపిస్తూనే ఉంది.  వంపు దగ్గర రిజిస్టరు తీసి, గేటు నుంచి వంపు దాకా బాగుంది అని నా చేత్తో రాశాను.

పని తొందరగా అయింది. తుమ్మచెట్టు కింద వాళ్లు సద్దులు విప్పారు. నేను బండి వైపు నడుస్తుంటే మేట్ పిలిచాడు.

"ఆడ ఒక్కనివేం కూసుంటవ్ సార్? రా, మాతోని తిను."

వెళ్లి కూర్చున్నాను. జొన్నగటక, పచ్చిపులుసు, నలిపిన ఉల్లిగడ్డ. మేట్ తన గిన్నెలోంచి నా మూతలో వేశాడు. ఒకతను నా ఊరు ఎక్కడని అడిగాడు. ఇంకొకతను తన బిడ్డ పెళ్లి గురించి చెప్పాడు. నేను నవ్వాను కూడా. అంత కమ్మని అన్నం నేను మళ్లీ తినలేదు. 

మహబూబాబాద్‌లో నా గది స్టేషన్‌కు దగ్గర. కాజీపేట వైపు నుంచి వచ్చే ప్రతి బండీ వినిపిస్తుంది. ముందు రెండు రోజులు ఫరవాలేదనుకున్నాను. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే ప్యాసింజర్ వచ్చింది. కిటికీల్లో తలలు, గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్లు, బుట్టల్లో కోళ్లు. వీళ్లంతా ఆ గేటు దాటే వచ్చారు అనుకున్నాను. అవ్వ గిన్నెలు గలగలమని ఉంటాయి. ఇక నావల్ల కాలేదు. నాకు తెలియక జరిగిన తప్పయితే సరిపెట్టుకునేవాణ్ని. అడుగు గీత పోవడం నా రెండు కళ్లతో చూశాను.

ఆదివారం చేతితో పట్టుకునే చిన్న యంత్రం భుజానికి తగిలించుకుని, రెండు డబ్బాల నీళ్లు నింపుకుని, రంగుడబ్బా పట్టుకుని రఘునాథపల్లిలో దిగాను. అక్కడి నుంచి పట్టాల పక్కన నడిచాను. గేటు చేరేసరికి భుజాలు దోక్కుపోయాయి. అవ్వ బయటే ఉంది.

"నీళ్లడగను అవ్వా, తెచ్చుకున్న" అన్నాను.

ఆమె నవ్వింది. "గా భయమేంది? ఇయ్యకపోదునా?"

గేటుమన్ ఏ బండి ఎప్పుడొస్తుందో చెప్తూ జెండాతో నిలబడ్డాడు. ఒక చేత్తో బిళ్ల, ఇంకో చేత్తో పెట్టె, నీళ్లు పోయడానికి నాకు మూడో చెయ్యి లేదు. అవ్వ అడక్కుండానే చెంబు అందుకుంది. నేను బిళ్ల జరిపేముందు ఆమె వంగి పట్టా మీద సన్నగా నీళ్లు పోసేది, ఒక్క బొట్టు పక్కకు పోనిచ్చేది కాదు. కొంతదూరం పోయాక అడిగింది: "గా గుడ్డల ఏం కనబడ్తది బిడ్డా?"

అప్పటిదాకా ఆ మాట అడిగిన మనిషి లేడు. నా గుడ్డ తీసి ఆమె తలమీద కప్పాను. చాలాసేపు చూసింది.

"గీ గీతేనా?"

"గదే. గది నిలబడ్డదంటే ఇనుము మంచిగున్నట్టు."

"గీ గీత కోసమా నా రెండు బిందెలు పోసింది!" అని గుడ్డలోంచే నవ్వింది.

వంపు ఇంకా యాభై అడుగులుందనగా, ఒక అతుకు దగ్గర, బోల్టు రంధ్రం పక్కన, రెండో గీత లేచింది. తుడిచి మళ్లీ చూశాను. అటువైపు నుంచి చూశాను. ఎటు చూసినా అక్కడే లేచింది. కంకర మీద కూర్చున్నాను. వారం రోజులుగా దాని మీద నుంచి బండ్లు పోతున్నాయి.

కుంచె రంగులో ముంచాను గానీ చెయ్యి లేవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నాకు ఆ క్షణంలో రైలు గుర్తు రాలేదు, మెమో గుర్తు రాలేదు. మేట్ తన గిన్నెలోంచి వేసిన గటక గుర్తొచ్చింది. ఈ గుర్తు పెడితే ఆ చెట్టు కిందికి నన్ను మళ్లీ పిలవరు.

"ఏంది, అట్లనే కూసున్నవ్?" అంది అవ్వ.

ఆమెకు అంతా చెప్పాను. నేను నీళ్లు లేకుండా బండి నడిపిందీ, బాగుందని రాసిందీ, వాళ్లతో కలిసి తిన్నదీ. ఆమె తిట్టలేదు. చెంబులో మిగిలిన నీళ్లు తాగమని ఇచ్చింది. "గాళ్లు పెట్టకుంటే పాయె. వచ్చినప్పుడల్లా మా ఇంట్ల ఇంత తిని పో" అంది. నేను ఎర్రగుర్తు పెట్టాను. గేటుమన్ పరుగున పోయి ఫోన్‌లో స్టేషన్‌కు చెప్పాడు. పట్టా మార్చేదాకా బండ్లు అక్కడ ఆగి, మనిషి నడకన దాటాయి.

పై అధికారికి ఉత్తరం రాశాను. నీళ్లు లేకుండా నడిపించింది నేనేననీ, ఆ సంగతి గ్యాంగుకు తెలియదనీ రాశాను. మొదటి మాట నిజం. రెండోది అబద్ధమని రాసిన నాకూ తెలుసు, ఆ నలుగురికీ తెలుసు. నాకు మెమో వచ్చింది, వాళ్లను ఎవరూ పిలిచి అడగలేదు.

పట్టా మార్చిన రోజు నేనూ వెళ్లాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. తీసిన ముక్కను చీలిక దగ్గర సమ్మెటతో కొడితే విరిగింది. విరిగిన చోట బొటనవేలంత మేర ఇనుము తుప్పుతో నల్లబడి ఉంది. అంటే పాతది, మేం ఎండుగా దాటిన రోజు కూడా ఉన్నదే. మేట్ దాన్ని వేలితో తడిమి చూశాడు.

"ఆ నాడు మాతోని తిన్నవ్ గద సార్" అన్నాడు.  అది నింద అనుకోవాలో ఏమనుకోవాలో నాకు అర్థం కాలేదు. తర్వాత వాళ్లు చెట్టు కిందికి పోయారు, నేను బండి లేకపోవడంతో గేటు గుంజ నీడలో నిలబడ్డాను. ఆ మధ్యాహ్నం అవ్వ గటక పెట్టింది. కానీ వానాకాలానికి ఆమె కొడుకును ఎక్కడికో బదిలీ చేశారు. నేను మళ్లీ వెళ్లేసరికి ఆ గదిలో వేరే మనుషులున్నారు. ఆమె పేరైనా అడిగి ఉండాల్సింది.

ఆ లైను మీద ఇంకో నాలుగేళ్లు నడిచాను. ప్రతిసారీ గేటు దగ్గరికి వచ్చేసరికి, పట్టా పక్కన రెండు డబ్బాలు అంచుదాకా నీళ్లతో ఉండేవి, దుమ్ము పడకుండా మీద తడిగోనె కప్పి. ఎక్కడి నుంచి మోసుకొచ్చేవాడో మేట్ ఎప్పుడూ చెప్పలేదు. నేను వంపు దాకా తడుపుకుంటూ పోయేవాణ్ని. మధ్యాహ్నం వాళ్లు చెట్టు కింద సద్దులు విప్పేవారు, నేను బండి నీడలో నా డబ్బా విప్పేవాణ్ని. నీళ్లు ఒక్కసారి కూడా తక్కువ కాలేదు. అన్నానికి మాత్రం మళ్లీ పిలవలేదు.