పాత ఇంజనే కావాలన్నారు

దసరా పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, మా ఆయన నన్ను ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో ఎక్కించుకుని అల్వాల్ నుంచి బయల్దేరారు. పెళ్ళయిన కొత్తలో కొన్న బండి. పిల్లల ముఖాలు తుడిచిన దానికంటే దాన్ని తుడిచిందే ఎక్కువ, మహానుభావుడు! దారిలో ఇంజన్ వేడెక్కిపోయింది. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటినా ఆయన చూసుకోలేదు. గుప్పున పొగ వచ్చి, బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత, బన్సీలాల్‌పేటలో మాకు తెలిసిన మెకానిక్ ఇంజన్ విప్పి చూసి పెదవి విరిచాడు.

"సార్, దీన్నే బాగు చెయ్యాలంటే సామాన్లు బయటి దేశం నుంచి తెప్పియ్యాలె. మస్తు తక్లీఫ్ పని. ఏడాది పడ్తది. వేరే బండి ఇంజన్ ఎక్కిస్తే నెల రోజులల్ల ఇచ్చేస్త. జెర సోంచాయించి చెప్పుండ్రి."

ఆలోచించడానికి ఏముంది, నా మొహం! ఆయనకి గ్లాకోమా. పోయిన చూపు ఇక తిరిగి రాదని డాక్టరు తేల్చి చెప్పేశారు. పగటిపూట, ఖాళీ రోడ్ల మీద, ఇంకొన్ని నెలలు నడపొచ్చు, అంతే. ఆ కొన్ని నెలలైనా ఆయన ఆ స్టీరింగ్ ముందు కూర్చోవాలని నా ఆశ. ఏ ఇంజనైతేనేం, నెలలో వచ్చేదే పెట్టించమన్నాను.

ఆయన నా వైపు చూడకుండా, "పాతదే బాగు చెయ్యి. ఎన్నాళ్ళయినా ఫర్వాలేదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆటో ఎక్కాక సగం దారి సాధించాను. "ఏడాదికి మీ కళ్ళెలా ఉంటాయో ఎవరికి తెలుసు? అప్పుడు దాన్ని ఎవరు నడుపుతారండీ, నేనా?"

ఆయన నా వైపు వంగారు. ఆటో అతనికి వినబడకుండా చెప్పారు. "ఆ రోజు ముల్లు చూసుకోకపోవడం కాదు, కనబళ్ళేదు. దానికి ముందు రోడ్డు దాటుతున్న ఒక పాప కూడా కనబళ్ళేదు. వాళ్ళమ్మ వెనక్కి లాగేసింది కాబట్టి సరిపోయింది. నువ్వు ఫోను చూసుకుంటున్నావు. నేనింక నడపలేను."

 "మరి బాగు చేయించడం ఎందుకండీ?" అన్నాను.

"నెలలో బండి ఇంటికొస్తే, ఎందుకు తియ్యటం లేదని అందరూ అడుగుతారు. మెకానిక్ షెడ్డులో ఉంటే, బండి లేదు కాబట్టి నడపటం లేదని చెప్పుకోవచ్చు. నాకు నేను కూడా."

 ఆటోలో ఏడవలేక బయటికి చూస్తూ కూర్చున్నాను. నాకున్న కాస్త ఆశా అక్కడితో అయిపోయింది.

ఇంటికి రాగానే మెకానిక్ ఫోన్ చేశాడు. "ఏందీ మేడం, సార్ బాగ పరేషాన్‌ల ఉన్నట్టుండె. వేరే పనులు పక్కకి వెట్టి, ఆర్నెల్లకే తయార్ చేసిస్త, సార్‌కి చెప్పుండ్రి."

మా ఆయన ఎదురుగా కూర్చుని, నేనేం చెబుతానోనని వింటున్నారు.

"వద్దు బాబూ," అన్నాను. "మాకేం తొందర లేదు."