దీపం మీద దిష్టిచుక్క

మాది పాత హైబ్రిడ్ కారు. పెట్రోలుకి తోడు బ్యాటరీతో కూడా నడుస్తుంది. విశాఖపట్నంలో ఎవరో పదేళ్ళకు పైగా వాడి అమ్మేస్తుంటే ముచ్చటపడి కొన్నాను. రాజాంలో అలాంటిది ఇంకొకటి లేదని నాకు కాస్త గర్వం కూడా. ఒక ఉదయం కాలేజీకి పాఠం చెప్పడానికి బయల్దేరుతుంటే స్టీరింగ్ వెనక ఎర్రగా ఒక దీపం, పక్కనే పసుపుపచ్చగా ఇంకొకటి వెలిగాయి. రెండూ బ్రేకుకి సంబంధించినవే.

బ్రేకు తొక్కి చూశాను. కారు ఎక్కడికక్కడ ఆగింది. మా ఊరి మెకానిక్ కూడా పాలకొండ రోడ్డులో రెండు చుట్లు తిప్పి తెచ్చాడు.

"బ్రేకు బాగానే పడతన్నాది మేస్టారూ. మరి ఆ దీపాలెందుకు ఎలుగుతన్నాయో నాకు తెల్దు. నా కాడ ఆ కంప్యూటర్ నేదు. ఇశాపట్నం అట్టుకెళ్ళి సూపించండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. బాగున్న బ్రేకుకి వైద్యమేమిటి? ఇంటికొచ్చి నా భార్య బొట్టుబిళ్ళల పాకెట్లోంచి పెద్ద నల్లవి రెండు తీసి ఆ దీపాల మీద అతికించేశాను. ఆవిడ చూసి, "దిష్టిచుక్కలా?" అంది. అవునన్నాను. ఇన్నాళ్ళకి మీకు బుద్ధొచ్చిందని మురిసిపోయి వాటికి దండం పెట్టింది. పగలబడి నవ్వుకున్నాను. ఆ తరవాత దీపాల సంగతే మరిచిపోయాను.

ఆవిడ కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంది. పక్కన కూర్చుంటే నా నోరు ఊరుకోదు. క్లచ్చూ గేర్లూ లేని బండి కూడా తిన్నగా నడపలేవా అని నలుగురిలోనూ అనేవాణ్ణి. చుక్కలు అతికించిన నెలన్నర తరవాత, శృంగవరపుకోటలో ఉన్న వాళ్ళమ్మను ఎక్కించుకుని అనంతగిరి కొండ మీద చుట్టాలింటికి వెళ్తానంది.

"బండి బాగుందా? ఘాటీ ఎక్కాల కదా."

"బండికేం, లక్షణంగా ఉంది. నీ చేయి సంగతి చూసుకో," అన్నాను.

ఆవిడ బయల్దేరిన రోజు పదకొండింటికి స్టాఫ్ రూములో ఉండగా మెకానిక్ ఫోన్ చేశాడు. తెలిసినవాణ్ణి ఎవరినో అడిగాడట. ఆ రకం కార్లో లోపలొక మోటారు బ్రేకుకి కావలసిన ఒత్తిడిని నింపి ఉంచుతుందట. మోటారు నీరసించినా, నిలవ ఉన్న ఒత్తిడితో బ్రేకు మామూలుగానే పడుతుందట. వెంటవెంటనే తొక్కాల్సి వస్తే ఆ నిలవ అయిపోతుంది.

"ఊళ్ళో తిరిగితే తెల్దు మేస్టారూ. కొండ దిగినప్పుడు తెలస్తాది. బండి తియ్యకండి."

ఆవిడకి ఫోన్ చేశాను. అందుబాటులో లేదు. మళ్ళీ చేశాను. కొండ మీద ఎక్కడో తప్ప సిగ్నల్ ఉండదని తెలుసు. ఆ మలుపుల్ని వరసగా తలచుకుంటూ కూర్చున్నాను. ఒక్కో మలుపులో ఎన్నిసార్లు బ్రేకు తొక్కాలో లెక్క వేసుకున్నాను. పక్కన ఎవరో టీ పెట్టి వెళ్ళారు. చంపుకున్నాను, ఇద్దర్నీ నా చేత్తో చంపుకున్నాను అనిపించింది.

రెండు దాటాక ఆవిడే చేసింది.

"తిరిగొస్తన్నామండీ. అమ్మ బండెక్కేసింది."

"కొండ దిగొద్దు! బండి తాళంచెవి తీసెయ్! అమ్మను దించెయ్!" గొంతు చిరిగేలా అరిచాను. స్టాఫ్ రూమంతా నా వైపు తిరిగింది. "ఆ బండికి బ్రేకు నమ్మకం లేదు. నాకు ముందే తెలుసు. దీపాలు వెలిగితే నేనే మూసేశాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే నా తప్పు కాదన్నమాట," అంది నెమ్మదిగా. "నెలై ఉంటాదండీ, రెండు మూడు మాట్లు బ్రేకు పెడలు కిందకి దిగిపోనాది. నాకే తొక్కడం రాదేటో అనుకున్నాను. సెప్తే మళ్ళీ నలుగుర్లో తిడతారని సెప్పనేదు."