మంచిది, ధన్యవాదాలు

నా కంపెనీ చేసే పని ఒక్క ముక్కలో చెప్పమంటే, కాఫీ రైతులకు ఫోన్ చేసి నా గొంతు వినిపించడం. అరకు, పెదబయలు వైపు కొండల్లో చదవలేనివాళ్లు చాలామంది, మెసేజీలు పంపి లాభం లేదు. అందుకని వారానికోసారి వాళ్ల ఫోన్ మోగుతుంది. వాన పడేదీ లేనిదీ, పళ్లు ఎప్పుడు కోయాలో, ఎలా ఆరబెట్టాలో నేను చెబుతాను. చివర్లో "మీ ఊరి పేరు చెప్పండి" అంటాను. బీప్ వస్తుంది. వాళ్లు చెప్పడం ఆపగానే "మంచిది, ధన్యవాదాలు" అంటాను. ఇదంతా విశాఖపట్నంలో మా ఆఫీసు వెనకగదిలో, ఫ్యాన్ ఆపుకుని, చెమటలు కక్కుతూ ముందే రికార్డు చేసి పెట్టింది. వేరే గొంతు తెచ్చుకునే స్తోమత లేక నాదే వాడాం. కొండల మీద నా గొంతు తెలియని ఇల్లు లేదని తర్వాత గొప్పలు కూడా పోయాను.

ఊరి పేరు తప్ప వాళ్లు ఇంకేం మాట్లాడినా మా కంప్యూటర్ రికార్డు చేసి దాస్తుంది గానీ పట్టించుకోదు. అలా చెయ్యమని దానికి నేర్పింది నేనే.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం, పెట్టుబడి పెట్టేవాళ్లకు వినిపించడానికి రైతుల గొంతులు కొన్ని ఏరుదామని కూర్చున్నాను. పెదబయలు అవతల ఒక ముసలామె ఏడాదిగా ఒక్కసారి కూడా ఫోన్ మధ్యలో పెట్టెయ్యలేదు. ఇలాంటి మనిషి దొరకడమే అదృష్టం అనుకుని ఆమెవన్నీ మొదటినుంచి వినడం మొదలుపెట్టాను.

ఆమె ఊరి పేరు చెప్పి ఊరుకోలేదు. "బాబూ, మూడు కాఫీ మొక్కలకి ఆకులు పండిపోతన్నాయి. మొద్దు మీద గీతలు లేసినాయి. పీకీమంటావా, ఉంచీమంటావా?" అంది. ఊపిరి తీసుకోకుండా తనే, "పోనీ, ఉంచీనా?" అంది.

నేను "మంచిది, ధన్యవాదాలు" అన్నాను.

అది కాండం తొలిచే పురుగు. అప్పుడే ఆ మూడూ పీకి కాల్చేస్తే మిగిలిన తోట దక్కేది. ఈమాత్రం నాకూ తెలుసు, అడిగితే చెప్పేవాణ్ణి. ఆమె అడిగింది కదా మరి! కొన్ని నెలల తర్వాతి రికార్డులో "నువ్వు సెప్పినట్టే ఉంచీసేను బాబూ, పక్క వరసకి పాకినాది" అంటోంది. దానికీ అదే జవాబిచ్చాను. సగం తోట పోయిందని చెప్పినప్పుడూ అదే. ఇక వినలేక చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేశాను. ఆమెకు ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు.

మర్నాడు బయల్దేరి వెళ్లాను. వాలు మీద మిరియాల తీగలు అల్లుకున్న నీడచెట్లు పచ్చగానే ఉన్నాయి. వాటి కింద కాఫీ మాత్రం పుల్లలు. వాకిట్లో నిలబడి "అమ్మా" అని పిలిచానో లేదో, ఆమె నవ్వుకుంటూ బయటికొచ్చింది.

"నువ్వే కదా బాబూ! గొంతు పోల్చీసేను."

మంచినీళ్లు తెచ్చిచ్చింది. గ్లాసు పట్టుకునే చెప్పాను, ఫోన్లో మాట్లాడేది నేను కాదని, మిషనని.

"ఆ గొంతు నీది కాదేటి?"

"నాదేనమ్మా."

"మరి?"

పెద్ద పెద్ద మీటింగుల్లో గంటలకొద్దీ వాగిన మాటలే మళ్లీ వాగాను. రికార్డింగ్ అన్నాను, కంప్యూటర్ అన్నాను, నా మాటలు నాకే సాకుల్లా వినిపించాయి. ఆమె తిడితే బాగుండును. తిట్టలేదు. అబద్ధం ఆడుతున్నానని కూడా అనుకున్నట్టు లేదు. ఏదో ఇబ్బందిలో ఉన్నానని జాలిపడి మాట మార్చింది.

"పోనీలే. ఇప్పుడేటి సెయ్యమంటావు?"

"అన్నీ పీకి కాల్చెయ్యాలమ్మా. కొత్త మొక్కలు నాటాలి. మొక్కలు నేను తెచ్చిస్తాను."

"మళ్లీ కాపెప్పుడొస్తాది?"

"మూడు, నాలుగేళ్లు పడుతుంది."

ఆమె తోటవైపు చూసింది. వేళ్లమీద ఏదో లెక్కపెట్టబోయి మానేసింది.

"నాటీమంటే నాటీస్తాన్లే. కోతకి మాత్రం నువ్వే రా, బాబూ. అప్పటికి నేనుండను."