అణాల మీద ఆకుపచ్చ చీటీ

బొటనవేలంత ఆకుపచ్చ చీటీ ఒకటి ఇన్నేళ్ళుగా నా గుండెల మీద బండలా కూర్చుంది. మీరు నాకు చుట్టమూ కారు, పక్కమూ కారు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కావలిలో మా పక్కింటి రూతక్క దగ్గర పిల్లల బొమ్మల కథల పుస్తకాలు వరసగా ఉండేవి. వాళ్ళ నాన్న ఒక్కొక్కటే కొని పెట్టినవి. నేను మూడో తరగతిలోనే బడి మానేసినదాన్ని. కూడబలుక్కుని చదివి, గుర్తు పెట్టుకుని, మా పిల్లలకు అన్నం తినిపిస్తూ చెప్పేదాన్ని. ఏ పుస్తకం ముందు అచ్చయిందో పోల్చుకోవడం నేర్పింది కూడా రూతక్కే.

"వెనక అట్ట చూడమ్మాయ్. ఎన్ని కథల పేర్లుంటే అప్పటికి అన్నే వచ్చినట్టు. ఆనక ధర చూడు."

అణాల్లో ఉంటే పాతది, నయాపైసల్లో ఉంటే తర్వాతది. నయాపైసలు వచ్చిన కొత్తలో, అంగట్లో మిగిలిన పాత పుస్తకాలకు అణాల మీద కొత్త ధర చీటీ అంటించి అమ్మేవారు. వాళ్ళ నాన్న చివరిసారి కొన్నది అలాంటిదే. ఆకుపచ్చ చీటీ. ఆ తర్వాత ఆయన పోయాడు.

ఆ పుస్తకాన్నే నేను అడిగి తెచ్చుకుని, పాలు పిండబోతూ కొట్టం గూట్లో పెట్టాను. బర్రె నమిలేసింది. నవ్వొస్తోందా? మొదట నాకూ నవ్వే వచ్చింది.

నిజం చెప్పవలసింది. ఎందుకు చెప్పలేదు? ఇంక పుస్తకాలు ఇవ్వదేమోనని. అంతేనా? ఎంత తవ్వుకున్నా అంతకు మించి కారణం కనిపించదు, అదే సిగ్గు. స్టేషను దగ్గర అంగట్లో అదే కథ దొరికింది. వెనకట్ట మీద పేర్లు కూడా అన్నే. ధర మాత్రం నయాపైసల్లో అచ్చయి ఉంది. దాని మీద ఆకుపచ్చ కాగితం కత్తిరించి, గుర్తున్న అంకె వేసి, గంజితో అంటించాను. అట్టను పొయ్యి పొగకు పట్టి పాతదానిలా చేసి, తిరిగిచ్చేశాను. ఆమె నేర్పిన విద్యతోనే ఆమెను మోసం చేశాను.

వానల చెమ్మకు చీటీ ఊడింది. అణాలుండవలసిన చోట నయాపైసలు! నాన్న గుర్తుగా ఆ పుస్తకం తనకిమ్మని రూతక్క తమ్ముడు సామ్యేలు ఎన్నోసార్లు అడిగి ఉన్నాడు. అతనే పుస్తకం మార్చేశాడనుకుంది రూతక్క. ఇద్దరూ మా వాకిట్లోకి వచ్చారు.

"నీకన్నీ గుర్తుంటాయి గదమ్మాయ్. నువ్వు తిరిగిచ్చింది నాయన కొన్నదేనా?" అంది రూతక్క.

"ఆలోచించి చెప్పు వదినా," అన్నాడు సామ్యేలు.

"నాయనదే అక్కా," అన్నాను.

"విన్నావా? పిల్లోళ్ళకు కథలు చెప్పే నోరది, అబద్ధమాడదు."

"నాయన పుస్తకం నేను దొంగిలిస్తానా అక్కా?"

ఆమె మొహం తిప్పుకుంది. అతను చెప్పులు వేసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ చెప్పులు మా వాకిట్లోనే ఉండిపోయాయి.

ప్రతి క్రిస్మసుకూ రూతక్క అరిసెలు వండి తమ్ముడి వాటా తీసి పెట్టేది. అతను రాలేదు. సాయంత్రం దాకా చూసి, ఆ వాటా మా పిల్లలకు పెట్టేది. నా కళ్ళ ముందే తినేవారు. నేనూ ఒకటి తిన్నాను.

రూతక్క ఇప్పుడు లేదు. సామ్యేలు ఎక్కడున్నాడో తెలియదు. క్షమించమని ఎవరిని అడగను?

ఆ పుస్తకం సామ్యేలు మార్చలేదు. నేనే.

ఇన్నాళ్ళకు ఈ మాట నా నోట్లోంచి బయటపడింది. నాకు దక్కింది అంతే.